పిల్లికి పదేళ్లు దాటాక: ఇంట్లో ఏం గమనించాలి, డాక్టర్‌ను ఏం అడగాలి

"ముసలిదైపోయింది, అందుకే చిక్కిపోతోంది." పెద్ద వయసు పిల్లి ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. వయసు మీద పడితే పిల్లి నెమ్మదిస్తుంది, నిద్ర పెరుగుతుంది, నిజమే. కానీ ఒళ్లు కరిగిపోవడం, నీళ్లు తెగ తాగడం, రాత్రిళ్లు అరుస్తూ ఇల్లంతా తిరగడం, ట్రే వదిలేసి మూలల్లో మూత్రం పోయడం వట్టి వయసు వల్ల వచ్చేవి కావు. వాటి వెనక కిడ్నీ జబ్బో, థైరాయిడో, బీపీయో, షుగరో, కీళ్ల నొప్పో, పంటి నొప్పో ఉంటుంది. వీటిలో కొన్ని పూర్తిగా నయమవుతాయి. నయం కానివాటిలో కూడా చాలావరకు మందులతో, తిండితో అదుపులో పెట్టొచ్చు. సమయానికి పట్టుకుంటే పిల్లి ఇంకా కొన్నేళ్లు హాయిగా బతుకుతుంది.

చిక్కల్లా ఏంటంటే పిల్లి తన బాధను బయటపెట్టదు. నొప్పిగా ఉన్నా గుర్రుమంటూ ఒళ్లో పడుకుంటుంది. మనకు తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. అందుకే ముందు ఇంట్లో చేయాల్సిన పనులు చెప్పి, తర్వాత ఆస్పత్రి సంగతికి, జబ్బుల సంగతికి వస్తాను.

ముందుగా వయసు సంగతి

వెటర్నరీ డాక్టర్లు సాధారణంగా 10 ఏళ్లు దాటిన పిల్లిని పెద్ద వయసు పిల్లిగా లెక్కేస్తారు. 7 నుంచి 10 ఏళ్లది నడివయసు. మొదటి రెండేళ్లు అయ్యాక పిల్లికి ఒక ఏడాది గడిస్తే మనిషికి దాదాపు నాలుగేళ్లు గడిచినట్టు. ఆ లెక్కన 12 ఏళ్ల పిల్లి 64 ఏళ్ల మనిషితో సమానం. ఏడాదికి ఒక్కసారే చూపిస్తే, మనిషికి నాలుగేళ్లకోసారి చెకప్ చేయించినట్టే అవుతుంది. కాబట్టి 10 దాటాక ఆరు నెలలకోసారి చూపించడం మంచిది.

వీధిలో దొరికిన పిల్లి అయితే వయసు కచ్చితంగా తెలియదు. పళ్ల అరుగుదల, కంటి కటకంలో వచ్చే బూడిద రంగు మసక చూసి డాక్టర్ ఉజ్జాయింపుగా చెప్పగలరు. ఆ అంచనానే పట్టుకోండి.

మొదటి అడుగు: తూకం

ఒక్క పనే చేయగలను అనుకుంటే ఇది చేయండి. రెండు వారాలకోసారి పిల్లిని తూచి, తేదీ వేసి రాసుకోండి.

మనుషులు నిలబడే బరువు మిషన్ దీనికి పనికిరాదు. పిల్లిని ఎత్తుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి తూస్తే వంద, రెండు వందల గ్రాముల తేడా ఊరికే వచ్చేస్తుంది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ తేడానే. పసిపిల్లల్ని తూచే మిషన్ గానీ, సామాను సంచులు తగిలించి తూచే చిన్న డిజిటల్ కాటా గానీ చాలు. పిల్లిని బుట్టలో పెట్టి, బుట్టతో సహా తూచి, తర్వాత బుట్ట బరువు తీసేయండి. రెండు వారాలు గడిచినా అదే బుట్ట, అదే కాటా వాడండి.

4 కిలోల పిల్లి 3.6 కిలోలకు వచ్చిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టు. బొచ్చు వల్ల ఆ తేడా కంటికి ఆనదు. 200 గ్రాములు తగ్గి, తర్వాతి తూకంలో కూడా తగ్గుతూనే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. తూచిన రోజే వీపు మీద చెయ్యి వేసి నిమరండి. వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి గుచ్చుకుంటుంటే కండ తరిగిపోతోందని అర్థం. కొన్ని పిల్లులకు పొట్ట అలాగే వేలాడుతూ ఉంటుంది కాబట్టి లావుగానే కనిపిస్తాయి, కండ మాత్రం ఉండదు. వీపు తడిమి చూస్తేనే తెలుస్తుంది.

రెండో అడుగు: ఒక నోట్‌బుక్

తూకంతో పాటు ఇంకొన్ని సంగతులు కూడా అందులోనే రాయండి. రోజూ అక్కర్లేదు, మార్పు కనిపించినప్పుడు చాలు.

నీళ్లు: ఉదయం గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు ఎంత మిగిలిందో చూడండి. కిలో బరువుకు రోజుకు 50 మి.లీ. దాటుతుంటే, అంటే 4 కిలోల పిల్లి 200 మి.లీ. పైన తాగుతుంటే, అనుమానించాలి. తడి ఆహారం తినే పిల్లి అయితే ఇంకా తక్కువకే అనుమానించాలి, ఎందుకంటే నీళ్లు తిండిలోనే దొరుకుతాయి. ఎన్నడూ లేనిది బాత్‌రూంలో బకెట్ మీద వాలి తాగుతోందా, కుళాయి దగ్గర కాపు కాస్తోందా? అదీ రాయండి.

మూత్రం, మలం: ఉండకట్టే లిట్టర్ వాడితే పని తేలిక. రోజూ ఎన్ని ఉండలు, ఏ సైజువి అని చూస్తే సరిపోతుంది. మన దగ్గర చాలా పిల్లులు బయటికి, పెరట్లోకి వెళ్లి వస్తాయి. అప్పుడు ఎంత పోస్తోందో, మలం గట్టిగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. పదేళ్లు దాటిన పిల్లికి ఇంట్లో ఒక ట్రే అలవాటు చేయమని నేను గట్టిగా చెబుతాను. ఆరోగ్యం గురించి రోజూ తెలిసే కబురు అదొక్కటే.

ఊపిరి: గాఢ నిద్రలో ఉన్నప్పుడు పక్క డొక్క లేచి పడటం లెక్కపెట్టండి. లేవడం, పడటం కలిపి ఒకటి. నిమిషానికి 30 లోపు ఉండాలి. పదే పదే 30 దాటుతుంటే గుండెకో, ఊపిరితిత్తులకో ఇబ్బంది మొదలై ఉండొచ్చు.

ఇవి కాక దూకడం, తినే తీరు, వాంతులు. వారానికి ఒకసారి కంటే ఎక్కువ కక్కుతుంటే "వెంట్రుకల ఉండలే కదా" అని వదిలేయకండి.

మూడో అడుగు: ఆస్పత్రికి తీసుకెళ్లడం

మన ఊళ్లలో పశువుల ఆస్పత్రి అంటే ఎక్కువగా గేదెలు, మేకలు, కోళ్లు. అక్కడి డాక్టర్ మంచివారే అయినా పిల్లికి రక్తం తీసే సరంజామా ఉండకపోవచ్చు. ముందే ఫోన్ చేసి "పిల్లులకు రక్తపరీక్ష, బీపీ చూస్తారా?" అని అడగండి. దగ్గర్లో లేకపోతే వెటర్నరీ కాలేజీల బోధనాస్పత్రులు ఉన్నాయి: హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, కృష్ణా జిల్లా గన్నవరంలో, తిరుపతిలో. ఆరు నెలలకోసారి అయినా అక్కడికి వెళ్లి, మధ్యలో చిన్న పనులకు ఊళ్లో డాక్టర్‌ను కలుపుకుంటే బాగుంటుంది.

పిల్లిని చేతుల్లో పట్టుకుని ఆటోలోనో బండి మీదో తీసుకెళ్లొద్దు. హారన్‌కు బెదిరి దూకిందంటే మళ్లీ దొరకదు. పైనుంచి తెరుచుకునే క్యారియర్ అయితే మంచిది. వెళ్లే రోజే దాన్ని అటక మీంచి దించితే పిల్లి మంచం కిందికి దూరుతుంది. వారం ముందే దించి, తలుపు తీసి, లోపల అది పడుకునే పాత చీరో తువ్వాలో వేసి, అప్పుడప్పుడు తిండి కూడా అందులోనే పెట్టండి. దారిలో క్యారియర్ మీద పల్చటి గుడ్డ కప్పండి. ఆస్పత్రిలో కుక్కల వైపు కాకుండా, నేల మీద కాకుండా, ఎత్తుగా ఉన్న చోట పెట్టండి. మరీ భయపడే పిల్లికి వెళ్లే ముందు ఇవ్వడానికి గాబాపెంటిన్ లాంటి మందు డాక్టర్ రాస్తారు. సిగ్గుపడకుండా అడగొచ్చు.

డాక్టర్ బల్ల మీద పిల్లి బిగుసుకుపోయి కూర్చుంటుంది. ఇంట్లో ఎలా నడుస్తుందో ఆయనకు కనిపించదు. అందుకని ఇంట్లోనే ఫోన్‌తో వీడియో తీయండి: నడక, కుర్చీ ఎక్కడం, తినడం, దగ్గు, రాత్రి అరుపు. నోట్‌బుక్, ఆ వీడియోలు చూపిస్తే సగం రోగం అక్కడే తేలుతుంది.

నాలుగో అడుగు: ఏ పరీక్షలు అడగాలి

రక్త కణాల లెక్క, క్రియాటినిన్, యూరియా, ఫాస్ఫరస్, పొటాషియం, షుగర్, లివర్ ఎంజైములు, టీ4 అనే థైరాయిడ్ పరీక్ష, మూత్ర పరీక్ష, బీపీ. పదేళ్లు దాటిన పిల్లికి ఇవన్నీ కలిపి చేయిస్తేనే బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది. వీలుంటే ఎస్‌డీఎంఏ అనే కిడ్నీ రక్తపరీక్ష కూడా.

ఇందులో రెండు విషయాలు తరచూ జారిపోతాయి. మొదటిది మూత్రం. "క్రియాటినిన్ నార్మల్, కిడ్నీలు బాగున్నాయి" అంటే నిశ్చింతగా ఉండటానికి లేదు. కిడ్నీ పనిలో దాదాపు ముప్పావు వంతు పోతే గానీ క్రియాటినిన్ హద్దు దాటదు. పైగా అది కండరాల నుంచి వచ్చే పదార్థం కాబట్టి చిక్కిపోయిన పిల్లిలో ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపిస్తుంది. మూత్రం చిక్కదనం అంతకన్నా ముందే పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం సాంద్రత సాధారణంగా 1.035 పైన ఉంటుంది. నీళ్లలాంటి పల్చటి మూత్రం పోస్తోందంటే రక్తంలో అంకెలు బాగున్నా కారణం వెతకాలి. ఎస్‌డీఎంఏ కూడా క్రియాటినిన్ కన్నా ముందుగా హెచ్చరిస్తుంది.

రెండోది బీపీ. నోరు తెరిచి అడక్కపోతే చాలాచోట్ల చూడరు. ముందు కాలికో తోకకో చిన్న పట్టీ కట్టి చూస్తారు. గది ప్రశాంతంగా ఉండాలి, పిల్లికి ఐదు పది నిమిషాలు కుదురుకునే సమయం ఇవ్వాలి, ఐదారుసార్లు చూసి సగటు తీయాలి. పై అంకె 160 దాటి నిలిస్తే మందు అవసరం, 180 దాటితే కళ్లకు, మెదడుకు ముప్పు.

రక్తం మనుషుల ల్యాబ్‌కు పంపితే రిపోర్టులో పక్కనుండే "నార్మల్ రేంజ్" మనిషిది. దాన్ని చూసి కంగారు పడొద్దు, సంతోషపడొద్దు. పిల్లి లెక్కలతో పోల్చి చెప్పమని డాక్టర్‌నే అడగండి. రిపోర్టులన్నీ దాచండి. ఒక్క అంకె కన్నా, అది ఆరు నెలల్లో ఎటు కదిలిందన్నదే ముఖ్యం.

ఐదో అడుగు: జబ్బును బట్టి చూసుకోవడం

*కిడ్నీలు.* ముసలి పిల్లుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బుల్లో ఇదొకటి. నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, చిక్కిపోవడం, బొచ్చు నిగనిగ తగ్గడం, తర్వాత ఆకలి మందగించి వాంతులు, నోటి దుర్వాసన. పోయిన కిడ్నీ తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడటమే వైద్యం.

డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చూస్తారు. క్రియాటినిన్ 1.6 లోపు ఉండి వేరే ఆధారాలు ఉంటే మొదటి దశ, 1.6 నుంచి 2.8 దాకా రెండోది, 2.9 నుంచి 5.0 దాకా మూడోది, ఆపైన నాలుగోది. రెండో దశలో పట్టుకున్న పిల్లులు ఏళ్ల తరబడి బాగుండే అవకాశం ఉంది. మీ పిల్లి ఏ దశలో ఉందో అడిగి తెలుసుకోండి. "కిడ్నీ ప్రాబ్లం ఉంది" అన్న ఒక్క మాటతో ఇంటికి వచ్చేయొద్దు.

వైద్యంలో పెద్ద పీట తిండిది. కిడ్నీ డైట్ పేరుతో దొరికే ఆహారంలో ఫాస్ఫరస్ తక్కువ, మాంసకృత్తులు మితంగా కానీ మేలైనవి ఉంటాయి. ఒక్కరోజులో మార్చేస్తే పిల్లి ముట్టదు. పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ మూడు నాలుగు వారాలు తీసుకోండి. వికారంతో ఉన్నప్పుడు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. ఆ తిండిని వికారంతో ముడిపెట్టుకుని ఇక జన్మలో తినదు. ఎంతకీ తినకపోతే మామూలు తిండే పెట్టి, ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మందు కలపడం గురించి అడగండి. మంచి తిండి పెట్టాలన్న పట్టుదలతో పస్తుంచడం కన్నా ఏదో ఒకటి కడుపు నిండా తినడమే మేలు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక పని గురించి చెప్పాలి. కిడ్నీ జబ్బు అనగానే మాంసం మానిపించి పాలన్నం, పెరుగన్నం మీద పెట్టేస్తారు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి కావాల్సిన టారిన్ అనే పోషకం అన్నంలో లేదు. ఆ తిండి మీద ఉంటే కండ ఇంకా వేగంగా కరిగిపోతుంది, గుండె, కళ్లు కూడా దెబ్బతింటాయి. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు కూడా.

జబ్బు ముదిరితే డాక్టర్ ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించమంటారు. వినగానే టెన్షన్ పడతాం గానీ, మొదటిసారి ఆయన దగ్గరుండి చేయిస్తే చాలామందికి వచ్చేస్తుంది. ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది ఆయనే చెబుతారు. 4 కిలోల పిల్లికి ఒక విడతకు 100 మి.లీ. చుట్టుపక్కల చెప్పడం మామూలే. సాధారణంగా రింగర్ లాక్టేట్ సీసా రాస్తారు. మెడికల్ షాపులో దాని బదులు డెక్స్‌ట్రోజ్ ఇస్తే తీసుకోవద్దు, చర్మం కింద అది పనికిరాదు.

సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, చుక్క మణికట్టు మీద వేసి చూడండి. ట్యూబులో గాలి పోయేదాకా వదిలి, కొత్త సూది తగిలించండి. పిల్లిని తువ్వాలు మీద, మీకు వీపు పెట్టేలా కూర్చోబెట్టండి. భుజాల మధ్య చర్మాన్ని బొటనవేలు, రెండు వేళ్లతో పైకి లాగితే గుడారంలా లేస్తుంది. సూదిని ఆ గుడారం అడుగున, వీపుకు సమాంతరంగా గుచ్చండి. అవతలి వైపు తడి తగిలితే సూది బయటికి వచ్చేసిందని అర్థం, తీసి మళ్లీ గుచ్చాలి. సరిగ్గా పడితే చర్మం వదిలేసి, ట్యూబు చక్రం తిప్పి, సీసా ఎత్తుగా తగిలించండి. చర్మం కింద ఉబ్బు వస్తుంది, మెల్లగా ముందు కాలి వైపు జారుతుంది. కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది. సూది తీశాక ఆ చోటును అరనిమిషం నొక్కి పట్టుకోండి. వెంటనే దానికి ఇష్టమైనది ఏదైనా పెట్టండి. గుండె జబ్బు ఉన్న పిల్లికి మాత్రం సెలైన్ ప్రమాదం కావచ్చు. అందుకే డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకూడదు, నిద్రలో ఊపిరి లెక్క మానకూడదు.

*థైరాయిడ్.* మనుషుల్లో సాధారణంగా తగ్గే థైరాయిడ్, ముసలి పిల్లుల్లో పెరుగుతుంది. 1979లో అమెరికాలో దీన్ని మొదటిసారి గుర్తించారు, ఇప్పుడు ప్రపంచమంతటా కనిపిస్తోంది. ఆవురావురుమని తింటుంది, అయినా చిక్కిపోతుంది. కుదురుండదు, రాత్రిళ్లు అరుస్తుంది, గుండె దడదడలాడుతుంది, కక్కుతుంది. "ముసలిదైనా ఎంత చురుగ్గా ఉందో, ఎంత బాగా తింటుందో" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. మెథిమజోల్ లేదా కార్బిమజోల్ మాత్రలతో అదుపులోకి వస్తుంది. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు టీ4తో పాటు కిడ్నీ పరీక్ష కూడా తప్పకుండా చేయించాలి. ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలకు రక్తం జోరుగా వెళ్తుంది, లోపలున్న కిడ్నీ జబ్బు కనిపించదు. థైరాయిడ్ తగ్గగానే అది బయటపడుతుంది. మందు వేసుకునే రోజుల్లో ముఖం గీరుకోవడం, తిండి మానేయడం కనిపిస్తే వెంటనే చెప్పండి. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఉన్న తెలుగువాళ్లు రేడియో అయోడిన్ వైద్యం గురించి అడగొచ్చు. చాలా పిల్లులకు ఒక్క మోతాదుతో పూర్తిగా నయమవుతుంది.

*బీపీ.* ఎక్కువగా కిడ్నీ, థైరాయిడ్ జబ్బులతో కలిసి వస్తుంది. లక్షణాలేవీ లేకుండానే ఉండి, ఒకరోజు పిల్లి గోడలకు గుద్దుకుంటుంది. వెలుతురులో కూడా కంటిపాపలు పెద్దవిగా ఉండిపోతాయి. కంటి వెనక పొర ఊడిపోవడం వల్ల జరిగేది ఇది. అదేరోజు తీసుకెళ్తే కొంత చూపైనా దక్కే అవకాశం ఉంది. సాధారణంగా ఆమ్లోడిపిన్ ఇస్తారు. మనుషుల మాత్రలో చిన్న ముక్క సరిపోతుంది కాబట్టి మోతాదు సొంతంగా లెక్కేయొద్దు.

*కీళ్లు.* 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. కుక్కలా పిల్లి కుంటదు. కిటికీ గట్టు కింద నిలబడి, పైకి చూసి, వెనక కాళ్లు సర్దుకుని, మళ్లీ కాసేపు ఆగి, చివరికి దూకకుండా వెళ్లిపోతుంది. లేదా ముందు కుర్చీ ఎక్కి, అక్కణ్ణుంచి గట్టు ఎక్కుతుంది. మెట్లు దిగేటప్పుడు కుందేలులా రెండు వెనక కాళ్లూ కలిపి వేస్తుంది. నడుం వెనక భాగాన్ని నాక్కోలేక అక్కడ బొచ్చు జడలు కడుతుంది. ట్రే గోడ దాటడం కష్టమై పక్కనే మలం పోస్తుంది, మనమేమో మొండికేసిందని తిడతాం. గోకడం తగ్గి గోళ్లు పెరిగి, వంగి, పాదం మెత్తలోకే గుచ్చుకుంటాయి. నెలకోసారి పాదాలు నొక్కి చూసి, గోళ్ల కొసలు కత్తిరించండి.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. ట్రే ఒక వైపు గోడను మూడు వేళ్ల ఎత్తుకు కోసేయండి. మంచం పక్కన, కిటికీ కింద ఎత్తు పీటలు వేయండి. టైల్స్ నేల చలికాలంలో ఐసులా ఉంటుంది, మందంగా మడిచిన దుప్పటి వేయండి. తిండి, నీళ్లు, ట్రే అన్నీ అది ఉండే అంతస్తులోనే ఉంచండి. లావుగా ఉంటే మెల్లగా తగ్గించండి. నొప్పి మందులు ఉన్నాయి. మెలోక్సికామ్ లాంటివి కిడ్నీ పరీక్ష చేశాకే, డాక్టర్ చెప్పిన చుక్కల లెక్కన.

పారాసెటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. డోలో 650 మాత్రలో సగం ముక్క ఒక పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరిగి, ముఖం, పాదాలు వాచి, ఊపిరి అందదు. పొరపాటున మింగితే లక్షణాల కోసం చూడకుండా పరుగెత్తండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కూడా ఇంతే ప్రమాదం.

*పళ్లు.* ఆకలితో గిన్నె దగ్గరికి వస్తుంది, ఒక ముద్ద నోట పెట్టుకుని ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. ఒక పక్కనే నములుతుంది, జొల్లు కారుతుంది, నోరు కంపు కొడుతుంది. పళ్లు గార పట్టి చిగుళ్లు వాచి ఉండొచ్చు, పంటి మొదలు లోపల్నుంచే కరిగిపోయి ఉండొచ్చు. మత్తు ఇచ్చి శుభ్రం చేయడం, పాడైన పళ్లు తీసేయడమే దారి. "ఈ వయసులో మత్తా?" అని భయపడతారు. ముందుగా రక్తపరీక్ష, బీపీ, గుండె చూసుకుని చేస్తే ముసలి పిల్లులు బాగానే తట్టుకుంటాయి. పళ్లన్నీ తీసేసిన పిల్లి కూడా మెత్తటి తిండి సుబ్బరంగా తింటుంది. రోజూ నోట్లో నొప్పితో బతకడమే కష్టం.

*షుగర్.* లావుపాటి మగపిల్లుల్లో ఎక్కువ. దాహం, ఎక్కువ మూత్రం, తిన్నా చిక్కిపోవడం, కొన్నిటిలో వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడవడం. భయం వల్ల కూడా పిల్లి షుగర్ పెరుగుతుంది కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చరు, గత రెండు మూడు వారాల షుగర్ తీరు చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష కూడా చూస్తారు. వైద్యం ఇన్సులిన్, పిండి పదార్థాలు తక్కువున్న తిండి. తొందరగా మొదలుపెడితే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మన దేశంలో 40 యూనిట్ల, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి, సిరంజిలూ వేరువేరు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు అటో ఇటో అయిపోతుంది. ఇంట్లో తాతగారికి ఉన్న సిరంజి తీసి వాడొద్దు. ఇన్సులిన్ తర్వాత తూలుతూ, వణుకుతూ ఉంటే చిగుళ్లకు తేనె రాసి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

*రాత్రి అరుపులు.* ముందు బీపీ, థైరాయిడ్, నొప్పి, చూపు, వినికిడి చూడాలి. ఇవేవీ కాదని తేలితే అప్పుడు మెదడు మందగించడం. రాత్రి చిన్న లైటు, పడుకునే ముందు కాస్త తిండి, సామాను జరపకుండా ఉంచడం సాయం చేస్తాయి.

గడ్డలు, మానని పుండ్లు ఏవైనా వెంటనే చూపించండి. ముఖ్యంగా తెల్ల చెవుల పిల్లికి చెవి కొసల మీద పెచ్చులు కట్టే పుండు ఎండ వల్ల వచ్చే క్యాన్సర్ కావచ్చు.

ఆరో అడుగు: తిండి, ఇల్లు

ముసలి పిల్లికి వాసన, రుచి మందగిస్తాయి. తిండిని కాస్త వెచ్చచేసి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. కిడ్నీ జబ్బు లేని పిల్లికి వయసు పేరు చెప్పి మాంసకృత్తులు తగ్గించొద్దు. ఈ వయసులో అవి ఇంకా ఎక్కువే కావాలి. ఉడికించిన చికెన్, చేప, గుడ్డు పెట్టొచ్చు కానీ ఉత్త చికెన్ ముక్కల్లో కాల్షియం ఉండదు, ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ కూడా పోతుంది. అందుకే సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న క్యాట్ ఫుడ్ ప్రధానంగా ఉంచి, ఇవి పైన కలపండి. మనం తినే కూరలోని ముక్క కడిగి పెట్టినా ఉల్లి, వెల్లుల్లి అందులోకి దిగే ఉంటాయి. అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

నేల తుడిచే ఫినాయిల్, బీరువాలోని కలరా ఉండలు, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ ఉన్న పిడుదుల మందు, లిల్లీ జాతి పూల కుండీలు, ఈ నాలుగూ పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. పాదాలకు అంటిన ఫినాయిల్‌ను అది నాక్కుని మింగుతుంది.

రేబిస్ టీకా, మిగతా టీకాల గురించి వయసును, బయట తిరగడాన్ని బట్టి డాక్టర్‌తో మాట్లాడండి.

ఏడో అడుగు: మాత్ర వేయడం

దీర్ఘకాలం మందులు వాడే పిల్లికి మాత్ర వేయడం రాకపోతే వైద్యమే ఆగిపోతుంది. పిల్లిని తువ్వాలులో చుట్టి, మీకు వీపు పెట్టేలా ఒళ్లో కూర్చోబెట్టండి. ఎడమ చెయ్యి తల మీంచి తెచ్చి, బొటనవేలు, మధ్యవేలు దవడ ఎముకలకు రెండు పక్కలా ఆనించి ముక్కు పైకి లేపండి. కింది దవడ దానంతట అదే వదులవుతుంది. కుడిచేతి మధ్యవేలితో కింది ముందు పళ్లను నొక్కి, మాత్రను నాలుక మధ్యలో వీలైనంత వెనక వేసి నోరు మూయండి. తల మామూలుగా దించాక, నోటి పక్క నుంచి సిరంజితో 5 మి.లీ. నీళ్లు నెమ్మదిగా పోయండి. పొడిగా మింగిన మాత్ర గొంతు గొట్టంలో అతుక్కుని పుండు చేస్తుంది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే మరీ. మాత్రను నలపొచ్చా, తిండిలో కలపొచ్చా అన్నది మందును బట్టి ఉంటుంది, అడగండి.

తెల్లారేదాకా ఆగకూడనివి

నోరు తెరిచి రొప్పడం. హఠాత్తుగా వెనక కాళ్లు పడిపోయి, చల్లబడి, పిల్లి కేకలు పెట్టడం (గుండెలోంచి వచ్చిన రక్తపు గడ్డ కాళ్లకు రక్తాన్ని ఆపేసిందన్నమాట). ట్రేలో పదే పదే కూర్చున్నా చుక్క మూత్రం రాకపోవడం. హఠాత్తుగా చూపు పోవడం, ఫిట్స్. ఇక తిండి: ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయండి, రెండు రోజులు ఆగొద్దు. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి పస్తుంటే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి అది కొత్త ప్రాణాంతక జబ్బవుతుంది.

రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి ఎక్కడుందో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

చివరి దశలో

కేలండర్‌లో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టండి. తిన్నదా, తనంతట తాను ట్రేకి వెళ్లిందా, ఒళ్లు నాక్కుందా, మన దగ్గరికి వచ్చిందా? చెడ్డ రోజులే ఎక్కువవుతుంటే, మందులతో బాధ తగ్గకపోతుంటే, ఇంజెక్షన్‌తో నొప్పి లేకుండా పంపించడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అది పాపమని మన పెద్దవాళ్లు చాలామంది అనుకుంటారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఊపిరాడక, నీళ్లు కూడా దిగక రోజుల తరబడి పడి ఉన్న జీవిని అలా వదిలేయడం సరైనదని నేను అనుకోను. ముందు మత్తు ఇస్తారా, ఇంటికి వస్తారా, మనం పక్కన ఉండొచ్చా అన్నవి ముందే అడిగి పెట్టుకోండి. మత్తు ఇంజెక్షన్ ముందు ఇస్తే రెండోది పడేటప్పటికి దానికేమీ తెలియదు.

సొంత స్థలంలో పూడ్చేటట్టయితే బావికి, బోరుకు దూరంగా, కనీసం మూడు నాలుగడుగుల లోతు తవ్వండి. గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ వద్దు. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆ మందు ఒంట్లోనే ఉంటుంది కాబట్టి కుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టడం అవసరం. స్థలం లేకపోతే జంతువుల దహనానికి ఏర్పాటు ఉందేమో మున్సిపాలిటీలో అడగండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే అది కొన్నాళ్లు వెతుక్కుంటుంది, తిండి తగ్గించేస్తుంది. ఆ వారం దాని గిన్నె మీద ఓ కన్నేసి ఉంచండి.